సముద్రపు గడ్డి తిరిగి పెరిగిందా? చిలికా సరస్సు నేర్పే లెక్క

పిల్లలూ! సెక్టర్ 2లో ఉండే మనకు సముద్రం చాలా దూరం. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెలవులకు తాతగారి ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లలు సముద్రం చూస్తారు. తిరిగి వచ్చాక అది ఫోటోల్లోనే మిగులుతుంది. అయినా ఈ పాఠంలో మనం సముద్రపు నీటి అడుగున పెరిగే ఒక పచ్చిక గురించి తెలుసుకుందాం. ఆ పచ్చికకూ మన భిలాయికీ ఒక సంబంధం ఉంది. అది నీటి సంబంధం.

మన వాన నీరు ఎక్కడికి పోతుంది?

మనకు దగ్గరలో, దుర్గ్ పక్కన శివనాథ్ నది ప్రవహిస్తోంది. మన ప్రాంతంలో కురిసిన వాన కాలువల్లోంచి, వాగుల్లోంచి చివరికి శివనాథ్‌లోకి చేరుతుంది. శివనాథ్ వెళ్ళి మహానదిలో కలుస్తుంది. మహానది ఒడిశాలోకి ప్రవేశించి, హీరాకుడ్ ఆనకట్ట దాటి, కటక్ దగ్గర నరాజ్ వద్ద పాయలుగా చీలుతుంది. ఆ పాయల నుంచి మళ్ళీ చీలిన దయా, భార్గవి వంటి చిన్న నదులు చిలికా సరస్సులో పడతాయి. అట్లాసులో వేలు పెట్టి ఈ దారిని వెంబడించి చూడండి. దుర్గ్ దగ్గర మొదలుపెట్టిన వేలు చిలికా ఒడ్డున ఆగుతుంది.

నది నీటిని మాత్రమే తీసుకుపోదు. మట్టిని కూడా మోసుకుపోతుంది. అందులో చాలా భాగం హీరాకుడ్ వంటి జలాశయాల్లో ఆగిపోతుంది. అక్కడ ఆగని మట్టి, దిగువ ప్రాంతాల్లో కొత్తగా కలిసిన మట్టి కలిసి సరస్సు దాకా వెళతాయి. ఈ మట్టి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇది గడ్డీ కాదు, నాచూ కాదు

సముద్రపు గడ్డి అనగానే చాలామంది సముద్రపు నాచు అనుకుంటారు. రెండూ వేరు. నాచుకు నిజమైన వేళ్ళు, పూలు, గింజలు ఉండవు. సముద్రపు గడ్డి పూలు పూసే మొక్క. దానికి వేళ్ళున్నాయి, ఆకులున్నాయి, ఇసుకలో అడ్డంగా పాకే కాండం ఉంది. అది నీటిలోనే పూస్తుంది, దాని పుప్పొడిని నీరే మోసుకుపోతుంది, గింజ కూడా నీటిలోనే పడుతుంది. ఆకులు సన్నగా ఉండటం వల్ల గడ్డి అన్నారు గాని, మన మైదానంలోని గరికకు ఇది దగ్గరి చుట్టం కాదు. ప్రపంచం మొత్తం మీద సముద్రపు గడ్డి జాతులు 60 నుంచి 70 దాకా ఉంటాయి.

చిలికాలో కనిపించే వాటిలో హాలోఫిలా, హాలోడ్యూల్ అనే రెండు ప్రజాతుల మొక్కలు ముఖ్యమైనవి. హాలోఫిలా ఒవాలిస్ ఆకు చిన్న కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. హాలోడ్యూల్ ఆకు సన్నటి పట్టీలా ఉంటుంది.

ఈ చిన్న మొక్కలు చేసే పని పెద్దది. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు ఈ ఆకుల మధ్య దాక్కుని పెరుగుతాయి. వేళ్ళు అడుగు ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతాయి. ఆకులు అల వేగాన్ని తగ్గించడం వల్ల నీటిలోని మట్టి కిందికి దిగి నీరు తేటపడుతుంది. గాలిలోంచి నీటిలో కరిగిన కార్బన్ డై ఆక్సైడ్‌ను ఇవి తీసుకుంటాయి. అందులోని కార్బన్‌లో కొంత అడుగు బురదలో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. తమిళనాడు తీరంలోని పాక్ బే, మన్నార్ సింధుశాఖల్లో బతికే సముద్రపు ఆవు, అంటే డ్యూగాంగ్, ఈ గడ్డి తినే బతుకుతుంది. అందుకే 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని డ్యూగాంగ్‌ల సంరక్షణకు కేటాయించింది.

సముద్రపు గడ్డికి కావలసినవి ముఖ్యంగా రెండు: ఉప్పు నీరు, వెలుతురు. అన్ని పచ్చని మొక్కల్లాగే ఇది కూడా కిరణజన్య సంయోగక్రియ మీదే బతుకుతుంది. నీటి పైన పడే వెలుతురులో సుమారు పదో వంతయినా అడుక్కి చేరకపోతే చాలా జాతులు నిలదొక్కుకోలేవు. నీరు బురదగా ఉంటే వెలుతురు పైనే ఆగిపోతుంది. నది తెచ్చే మట్టిని గుర్తుంచుకోమన్నది ఇందుకే.

చిలికాకు ఏమైంది?

చిలికా ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సు. విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ వెళ్ళే రైలులో రంభ, బాలుగావ్ ప్రాంతాల్లో కిటికీలోంచి కనిపిస్తుంది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉండే ఈ సరస్సు వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. లోతు మాత్రం తక్కువే, చాలా చోట్ల రెండు మూడు మీటర్లకు మించదు.

తెలుగువాళ్ళకు ఇది పరాయి నీరు కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా, రంభ ఉన్న గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పూరీ, గంజాం తీరాల్లో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. చిలికా మీద ఆధారపడిన సంప్రదాయ జాలరి సమూహాల్లో వాళ్ళూ ఒకరు.

1981లో చిలికాకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయితే ఆ తర్వాత పరిస్థితి చెడింది. సరస్సు సముద్రంతో కలిసే చోటును మన తీరంలో మొగ అంటారు. చిలికా మొగ ఇసుకతో పూడుకుపోతూ, దూరంగా జరుగుతూ వచ్చింది. సముద్రపు నీరు లోపలికి సరిగా రాలేదు. నదులు తెచ్చిన మట్టి బయటికి సరిగా పోలేదు. ఉప్పదనం తగ్గింది. దాంతో మంచినీటి కలుపు మొక్కలు కమ్ముకున్నాయి, సముద్రపు గడ్డికి చోటు తగ్గింది. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 1999-2000లో చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ కలిపి దొరికినవి సుమారు 1,750 టన్నులే. అంతకుముందు దశాబ్దంలో దొరికిన దానితో పోలిస్తే అది చాలా తక్కువ.

1991లో ఒడిశా ప్రభుత్వం చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. శాస్త్రవేత్తలు నీటి ప్రవాహాన్ని అధ్యయనం చేసి, సతపడా దగ్గర ఇసుక తిన్నెను తవ్వి కొత్త మొగ తెరవాలని సూచించారు. 2000 సెప్టెంబర్ 23న ఆ కొత్త మొగ తెరుచుకుంది. సరస్సు నీరు సముద్రం చేరే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఆటుపోట్ల నీరు లోపలికి రావడం మొదలైంది. 2001-02లో మత్స్య ఉత్పత్తి దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా పేరును ప్రమాద జాబితా నుంచి తీసేశారు. తర్వాతి ఏళ్ళలో సముద్రపు గడ్డి పరుచుకున్న మేర కూడా పెరిగిందని సర్వేలు చూపించాయి.

సర్వే ఎలా చేస్తారు?

చేపల్ని తూకం వేస్తే ఎన్ని టన్నులో తెలుస్తుంది. నీటి అడుగున ఉన్న గడ్డిని ఎలా లెక్కపెట్టాలి? మొత్తం పీకి తూచలేం కదా! పీకితే మనం కాపాడాలనుకున్నదే పోతుంది.

అందుకని శాస్త్రవేత్తలు నమూనా పద్ధతి వాడతారు. సీగ్రాస్ వాచ్ అనే అంతర్జాతీయ కార్యక్రమం పద్ధతి చాలా సులువు. 50 మీటర్ల పొడవైన కొలత తాడును అడుగున తిన్నగా పరుస్తారు. తాడు వెంట ప్రతి 5 మీటర్లకు ఒకసారి, 50 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదరపు చట్రం పెడతారు. సున్నా మీటర్ల దగ్గర మొదలుపెట్టి 50 మీటర్ల దాకా వెళితే 11 చట్రాలు వస్తాయి. ఇలాంటి తాళ్ళు మూడు, 25 మీటర్ల ఎడంతో పరుస్తారు. అంటే మొత్తం 33 చట్రాలు.

ప్రతి చట్రంలో చూసి రాసేవి ఇవి:

1. గడ్డి ఎంత శాతం నేలను కప్పింది?
2. అందులో ఏయే జాతులు ఉన్నాయి?
3. ఆకు పొడవు ఎంత?
4. అడుగున ఉన్నది ఇసుకా, బురదా?
5. ఆకుల మీద నాచు పేరుకుందా? పీతలు, నత్తలు కనిపించాయా?

వీటితోపాటు నీటి ఉప్పదనం, నీటి తేటదనం కొలుస్తారు. తేటదనం కొలవడానికి ఒక పళ్ళెం చాలు! ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెకీ 1865లో తెల్లటి గుండ్రని పళ్ళేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దించాడు. పళ్ళెం ఏ లోతులో కంటికి కనిపించకుండా పోతుందో ఆ లోతే నీటి తేటదనానికి కొలత. ఈ రోజుకీ దాన్ని సెకీ పళ్ళెం అనే అంటారు.

పైనుంచి చూస్తే సరిపోదా?

ఉపగ్రహం పెద్ద ప్రాంతాన్ని ఒకేసారి చూడగలదు. ఎన్ని చదరపు కిలోమీటర్లలో పచ్చదనం ఉందో చెప్పగలదు. చిలికాలాంటి చోట రెండు చిక్కులున్నాయి. మొదటిది, నీరు బురదగా ఉన్న రోజున అడుగున గడ్డి ఉన్నా పైకి కనిపించదు. రెండోది, పచ్చగా కనిపించినదంతా సముద్రపు గడ్డి కాదు. మహానది పాయలు వచ్చి పడే ఉత్తర భాగంలో రెల్లు లాంటి నీటి గడ్డీ, మంచినీటి కలుపూ ఎక్కువ. అవి పెరిగితే సరస్సు కోలుకున్నట్టు కాదు, మంచినీటి వైపు జారుతున్నట్టు. కాబట్టి ఉపగ్రహ చిత్రంలో కనిపించినది నిజంగా ఏమిటో ఎవరో ఒకరు పడవలో వెళ్ళి, నీటిలో దిగి చూసి రావాలి.

కాలం కూడా మోసం చేస్తుంది. వరద నీరు వచ్చినప్పుడు ఉప్పదనం తగ్గి, బురద పెరిగి సముద్రపు గడ్డి పలచబడుతుంది. నీరు తేటపడ్డాక మళ్ళీ పెరుగుతుంది. ఒక ఏడు సెప్టెంబరులో, మరుసటి ఏడు మార్చిలో కొలిచి “గడ్డి పెరిగింది” అంటే అది ఋతువు చేసిన మార్పు కావచ్చు. ఏటా అదే నెలలో కొలవాలి.

ఒక చిన్న లెక్క

ఈ కింది అంకెలు అభ్యాసం కోసం మనం ఊహించుకున్నవి. ఒకే తాడు వెంట 11 చట్రాల్లో గడ్డి కప్పిన శాతాలు ఇవి అనుకుందాం.

మొదటి ఏడు: 0, 5, 10, 20, 30, 40, 35, 30, 20, 10, 0

రెండో ఏడు: 0, 10, 15, 30, 40, 45, 40, 35, 30, 20, 10

మొదటి ఏడు మొత్తం 200. దాన్ని 11తో భాగిస్తే సగటు సుమారు 18 శాతం. రెండో ఏడు మొత్తం 275. సగటు సరిగ్గా 25 శాతం. గడ్డి పెరిగింది. మంచిదే.

ఇప్పుడు మరో సంగతి చూడండి. మొదటి ఏడు కొలిచిన విద్యార్థి “రెండు చివర్లా గడ్డి పెద్దగా లేదు కదా, అక్కడ కొలవడం ఎందుకు?” అనుకుని మధ్యలోని అయిదు చట్రాలే కొలిచాడనుకుందాం. 20, 30, 40, 35, 30. మొత్తం 155. సగటు 31 శాతం! ఒక్క ఆకు కూడా కొత్తగా మొలవకుండానే 18 కాస్తా 31 అయింది.

దీని ఫలితం ఇక్కడితో ఆగదు. మరుసటి ఏడు వేరే విద్యార్థి వచ్చి, నిజాయితీగా 11 చట్రాలూ కొలిస్తే అతనికి 25 వస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఏమంటారు? “31 నుంచి 25కు పడిపోయింది, గడ్డి చచ్చిపోతోంది” అంటారు. నిజానికి గడ్డి పెరిగింది. ఈ తప్పు లెక్క చూసి, బాగా పనిచేస్తున్న రక్షణ పనిని ఆపేయవచ్చు కూడా. అందుకే సున్నా వచ్చిన చోట సున్నా అని రాయాలి. సున్నా కూడా సమాచారమే. గడ్డి రేపు ఎటు పాకుతుందో ఆ సున్నాల దగ్గరే ముందుగా తెలుస్తుంది. పై లెక్కలో చివరి చట్రాన్ని చూడండి: మొదటి ఏడు 0, రెండో ఏడు 10. పచ్చిక అంచు ముందుకు జరిగింది!

ఇరవై ఏళ్ళు కొలిచినవాళ్ళు

అమెరికాలో విర్జీనియా రాష్ట్రపు తూర్పు తీరంలో కొన్ని సముద్రపు అఖాతాలున్నాయి. 1930ల మొదట్లో ఒక తెగులు సోకి, దానికి తోడు 1933లో పెద్ద తుఫాను వచ్చి అక్కడి సముద్రపు గడ్డి పూర్తిగా పోయింది. దశాబ్దాలపాటు అక్కడ అడుగు ఖాళీగానే ఉండిపోయింది. 1990ల చివర్లో విర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి గింజలు చల్లడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళలో 7 కోట్లకు పైగా గింజలు చల్లారు. ఏటా కొలిచారు. విమానం నుంచి ఫోటోలు తీశారు. నీటి తేటదనం, చేపలు, అడుగున నిలవైన కార్బన్ అన్నీ లెక్కగట్టారు. 2020లో ఫలితాలు ప్రకటించేనాటికి 3,600 హెక్టార్లలో పచ్చిక పరుచుకుంది.

గింజలు చల్లడం కొన్ని వారాల పని. అది ఫలించిందని చెప్పడానికి ఇరవై ఏళ్ళ నోటుబుక్కులు కావలసి వచ్చాయి.

చిలికాలో పని ఇంకా ముగియలేదు. 2013లో ఫైలిన్ తుఫానుతో వచ్చిన వరద నీరు సరస్సు ఉప్పదనాన్ని బాగా తగ్గించింది. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు ఇసుక తిన్నె తెగి కొత్త మొగలు ఏర్పడ్డాయి. రొయ్యల పెంపకం కోసం వెదురు, వలలతో అక్రమంగా కట్టిన ఘేరీలను తొలగించడం అధికారులకు ఎప్పుడూ ఉండే పని. మరపడవల పంకాలు తగిలినా గడ్డి తెగిపోతుంది. ఒకసారి పెరిగింది కదా అని కొలవడం మానేస్తే, మళ్ళీ తగ్గడం మొదలైన సంగతి ఎవరికీ తెలియదు.

చేసి చూడండి

1. గరిక సర్వే: పాఠశాల మైదానంలో చెరగని గుర్తు ఒకటి ఎంచుకోండి. జెండా దిమ్మె గాని, గోడ మూల గాని కావచ్చు. చెట్టు వద్దు, కొట్టేయవచ్చు. అక్కడి నుంచి ఒక నిర్ణీత దిశలో 50 మీటర్ల తాడు పరవండి. వెదురు బద్దలతో గాని, ప్లాస్టిక్ పైపుతో గాని లోపలి కొలత 50 సెంటీమీటర్లు ఉండేలా చదరపు చట్రం చేయండి. దానికి అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు దారాలు సమాన దూరంలో కడితే 25 చిన్న గళ్ళు వస్తాయి. ఒక్కో గడి విలువ 4 శాతం. సగానికి పైగా గరిక ఉన్న గళ్ళు ఎన్నో లెక్కపెట్టి 4తో గుణించండి. ఒకే చట్రాన్ని ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఒకరు చూడకుండా రాయండి. తర్వాత పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి.

2. బురద నీటి పరీక్ష: తెల్ల కాగితం మీద నల్లటి ఇంటూ గుర్తు వేసి, దాని మీద పొడవైన గాజు జాడీ పెట్టండి. పైనుంచి చూస్తూ మంచినీరు పోయండి, గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఒక చెంచా ఎర్రమట్టి కలిపిన నీటితో అదే చేయండి. ఎన్ని సెంటీమీటర్ల నీటికే గుర్తు మాయమైంది? జాడీ అడుగున ఉన్నది సముద్రపు గడ్డి అనుకుని ఆలోచించండి. (చెరువుల దగ్గర, నది దగ్గర ఇలాంటి పరీక్షలు పెద్దలు లేకుండా చేయవద్దు.)

నోటుబుక్కు ఎవరిది?

మనలో చాలామంది నాన్నకో అమ్మకో బదిలీ అయితే ఊరు మారేవాళ్ళమే. ఆరో తరగతి ఇక్కడ, తొమ్మిదో తరగతి మరెక్కడో. గరిక సర్వే మొదలుపెట్టిన పిల్లలు దాన్ని మూడో ఏడు చూడకపోవచ్చు. అయితే సర్వే ఆగిపోవలసిందేనా?

అక్కర్లేదు. ఆ నోటుబుక్కు మీ సంచిలో వెళ్ళకూడదు, పాఠశాలలో ఉండాలి. అందులో తారీఖు, సమయం, వాతావరణం, తాడు ఎక్కడ మొదలై ఎటు వెళుతుంది, చట్రం కొలత ఎంత, శాతం ఎలా అంచనా వేశారు, ఏ రోజు ఏది కుదరలేదు, ఎందుకు కుదరలేదు, ఇవన్నీ రాసి ఉండాలి. మిమ్మల్ని ఎన్నడూ చూడని విద్యార్థి రెండేళ్ళ తర్వాత ఆ పుస్తకం తెరిచి, ఎవరినీ అడగకుండా, సరిగ్గా అదే చోట తాడు పరవగలగాలి. అలా చేయగలిగితే మీ లెక్క బతికినట్టే. వెళ్ళే ముందు ఒక పని చేయండి: మీ తర్వాతి తరగతి విద్యార్థి చేతికి పుస్తకం ఇచ్చి, మీరు పక్కన మాట్లాడకుండా నిలబడండి. ఆ పిల్లవాడు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ పుస్తకంలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని రాసి వెళ్ళండి.

చిలికాలోనూ అధికారులు మారుతారు, శాస్త్రవేత్తలు మారుతారు, పడవ నడిపేవాళ్ళు మారుతారు. కొలిచే చోటు, కొలిచే తీరు మారకుండా ఉంటేనే గడ్డి కథ తెగకుండా సాగుతుంది. ప్రతి ఏడాది మార్చి 1న ప్రపంచ సముద్రపు గడ్డి దినం. మన గరిక సర్వేకు కూడా ఆ రోజునే పెట్టుకుంటే, తేదీ మరిచిపోయే భయం ఉండదు.

ఆలోచించి రాయండి

1. సముద్రపు గడ్డికీ సముద్రపు నాచుకూ ఉన్న మూడు తేడాలు రాయండి.
2. చిలికా ఉత్తర భాగంలో పచ్చదనం పెరిగిందని ఉపగ్రహం చూపించింది. అది శుభవార్తే అని వెంటనే చెప్పగలమా? ఎందుకు?
3. మన మైదానంలో గరికను జూలైలో ఒకసారి, మే నెలలో ఒకసారి కొలిచి పోలిస్తే వచ్చే పొరపాటు ఏమిటి?
4. ఒక తాడు వెంట 11 చట్రాల సగటు 20 శాతం. మరుసటి ఏడు కూడా సగటు 20 శాతమే, కాని మొదటి ఏడు ఉన్న మూడు జాతుల్లో ఒకటే మిగిలింది. పచ్చిక కోలుకుందంటారా? మీ కారణాలు రాయండి.
5. అట్లాసు చూసి, శివనాథ్ నుంచి చిలికా దాకా నీటి దారిని పటంగా గీయండి. దారిలో మట్టి ఆగే చోట్లను గుర్తించండి.